పడవ అద్దం మీద నా దర్యాప్తు

ఆ రోజుల్లో మా ఊళ్ళో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ నేను 'ఇనస్పెక్టరు'నే. అలాగని నాకేదో పోలీసు ఉద్యోగం ఉందనుకునేరు. ఐటీఐలో ఫిట్టరు కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, నౌపడ స్టేషన్లో ఆగిన రైళ్ళనూ ఆగని రైళ్ళనూ చూసుకుంటూ తిరిగే రోజులవి. ఆ బిరుదు నా స్వభావానికి వచ్చింది. నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో జీడిపప్పు డబ్బా మూత కాస్త వదులుగా కనిపిస్తే, ఎవరు తీశారో తేలేదాకా నాకు ముద్ద దిగేది కాదు. గుమ్మంలో చెప్పులు అటుదిటు, ఇటుదటు అయితే ఎవరో తొడుక్కెళ్ళారని తేల్చేసి, మట్టిలో అడుగుల గుర్తులు జానతో కొలిచేవాణ్ణి. (చాలాసార్లు అవి నా అడుగులే అయ్యేవి. అయినా దాన్ని దర్యాప్తు లోపంగా ఏనాడూ ఒప్పుకోలేదు.) మనిషన్నాక ఏదో ఒకటి దాస్తూనే ఉంటాడనీ, దాన్ని బయటికి లాగడానికే దేవుడు నన్ను ఈ ఉప్పుటేటి గట్టున పుట్టించాడనీ నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో నేను చేసిన ఒక ఘనకార్యం చెబుతాను. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఇన్నేళ్ళలో సిగ్గు కాస్త అరిగి, నవ్వు మిగిలింది.

మా మావ, అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు, ఆ ఏడు ఒక పాత ఫైబరు పడవ కొన్నాడు. చేపల పడవ కాదు. పైన కప్పు, పక్కన కిటికీలు, లోపల వరసగా సీట్లు, నడిపేవాడి ముందు ఒక పెద్ద అద్దం ఉన్న షికారు పడవ. చలికాలం వచ్చేసరికి మా పక్క ఊరి చింతచెట్ల మీదికి ఎక్కడెక్కడి నుంచో పక్షులు దిగుతాయి. వాటిని చూడటానికి కార్లు వేసుకుని జనం వస్తారు. చెట్ల కింద మెడలు నొప్పి పుట్టేలా నిలబడేకంటే ఉప్పుటేట్లో పడవ మీద తిరుగుతూ చూస్తారు కదా అని మావ ఆలోచన. అనుమతి ఇచ్చే ఆఫీసరు ఒకసారి వచ్చి చూసి, అన్నీ బాగున్నాయి గానీ ముందు అద్దం మార్చాలన్నాడు. ఆయన తప్పేం లేదు. అద్దం అని పేరే గానీ అది గాజుది కాదు, ప్లాస్టిక్‌ది. ఏళ్ళ తరబడి ఎండకు పండి, పసుపు రంగు తిరిగి, మధ్యలో బీటలిచ్చి, లోపల కూర్చుని చూస్తే ఎదురుగా వస్తున్నది పడవో గేదో తెలిసేది కాదు. నెల రోజుల్లో మళ్ళీ వస్తాననీ, అప్పటికి కొత్తది బిగించి ఉంటేనే సంతకం పెడతాననీ చెప్పి వెళ్ళిపోయాడు. విశాఖపట్నంలో కనుక్కుంటే రెండు నెలలు పడుతుందన్నారు. అప్పటికి పక్షులు సగం తిరుగు ప్రయాణంలో ఉంటాయి.

"నాను సేస్తాను మావా," అన్నాను.

మావ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. పక్కనే మా గరివిడి బావ కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. బావ అంటే మా అక్క మొగుడు. గరివిడిలో ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. నెల రోజుల సెలవు మీద వచ్చాడు. అక్కడే నాకూ కాంట్రాక్టు పని ఒకటి చూసిపెట్టి, నన్ను తీసుకెళ్ళడానికి తయారుగా ఉన్నాడు. నాకేమో ఆ మాటెత్తితే లేచి గట్టు మీదికి పోయేవాణ్ణి. అంతకుముందు ఒకసారి రెండ్రోజులు అక్కడ ఉండి వచ్చాను. ఊరు మంచిదే, మనుషులు మంచివాళ్ళే, కానీ ఎటు తిరిగినా నీళ్ళు లేవు. పుట్టినప్పట్నుంచీ ఏటి గాలి పీల్చినవాణ్ణి, నాకు ఊపిరాడలేదు. మావ మాత్రం ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఒరే, అద్దం బిగించినావంటే పడవ మీద డ్రైవరువి నువ్వే. బిగించలేదంటే మీ బావతో బండెక్కు. మళ్ళీ నాకు సాకులు సెప్పకు."

బావ వేరుశెనక్కాయ నోట్లో వేసుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అదే రోజు నా మనసులో మొదటి నిందితుడిగా బావ పేరు రాసుకున్నాను. (నేరం ఇంకా జరగలేదు. నా పద్ధతి అంతే.)

పని మాత్రం శ్రద్ధగా మొదలుపెట్టాను. ఫోన్లో వెతికితే ఒక దొర తన పడవకు తనే ప్లాస్టిక్ అద్దాలు కోసి బిగించుకునే వీడియో దొరికింది. ఆయన ఇంగ్లీషు నాకు అర్థం కాదు కాబట్టి సౌండు తీసేసి చూశాను. పాత అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ లాగాను. తుప్పుపట్టిన స్క్రూలు ఒక్కొక్కటీ కొబ్బరినూనె పోసి బతిమాలి తీశాను. మాంచి వెడల్పాటి అట్టపెట్టె ఒకటి విప్పి, పాత అద్దాన్ని దానిమీద పరిచి, పెన్సిలుతో గీసుకున్నాను. శ్రీకాకుళంలో షాపుల బోర్డులు చేసే ఆయన దగ్గర అక్రిలిక్ షీటు కొనుక్కుని, బస్సులో నిలువునా పట్టుకుని, కండక్టరు చేత తిట్లు తింటూ తెచ్చాను. షీటు మీద ఉన్న కాగితం తియ్యకుండానే గీత గీసి, హాక్సా బ్లేడుతో మెల్లగా కోశాను. అంచులు ఆకురాయితో సాపు చేశాను. డ్రిల్లుతో స్క్రూ ఎంత లావో సరిగ్గా అంతే బెజ్జాలు వేశాను, ఫిట్టరు పనితనమంటే అదే కదా అని. పడవ ముందుభాగం కాస్త వంపుగా ఉంటుంది. షీటు తిన్నగా ఉంది. మోకాలు ఆనించి నొక్కిపట్టి, ఒక్కో స్క్రూనూ పళ్ళు బిగపట్టి, ఇంక తిరగను మొర్రో అనేదాకా బిగించేశాను. చివర్లో దొర వీడియోలో ఒక ఎర్ర డబ్బా పట్టుకుని వేలు ఆడిస్తూ ఏదో గట్టిగా అన్నాడు. పక్కన ఉన్న పనివాణ్ణి కోప్పడుతున్నాడనుకున్నాను.

కాగితం ఊడదీసేసరికి, ఏం చెప్పను, ఎదురుగా అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా ఉంది. ఏరంతా కనిపించింది. కొంగ కాలెత్తడం కనిపించింది. వెనక్కి వచ్చి చూస్తే ఒక మూల నా వేలిముద్రలు కనిపించాయి. ఐటీఐలో మా మాస్టారు పని పూర్తయ్యాక పెట్రోలు గుడ్డతో తుడవనివాణ్ణి ఫిట్టరుగా ఒప్పుకునేవారు కాదు. బోల్టుకైనా, గేరుకైనా, మా చేతులకైనా అదే స్నానం. పడవ ఇంజనుకు తెచ్చిన పెట్రోలు డబ్బా అక్కడే ఉంది. గుడ్డ ముంచి తళతళలాడేలా తుడిచాను. అది శనివారం సాయంత్రం. మావ వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి బరువు నాకింకా గుర్తుంది.

సోమవారం పొద్దున్న చూస్తే ప్రతి స్క్రూ చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు. ఒక చోటైతే పగులు బెత్తెడు పాకింది.

ఇంకెవరైనా అయితే తన పని ఒకసారి చూసుకునేవాడు. నేను మనుషుల్ని చూసుకున్నాను. శనివారం నుంచి సోమవారం దాకా పడవ దగ్గరికి ఎవరెవరు వచ్చారు? మా అత్త (మావ భార్య) చేపలు ఎండబెట్టడానికి వచ్చింది. అత్తకు మొదట్నుంచీ ఈ పడవ వ్యాపారం ఇష్టం లేదు. బావ పళ్ళు తోముకుంటూ వచ్చాడు. వేపపుల్లతో అద్దం పగలదు గానీ, మనిషి ఉద్దేశం పగలగొట్టగలదు. ఇక మూడోవాడు ఉప్పు తాత. ఆయన మాకు చుట్టం కాడు, పొరుగువాడు. జన్మంతా ఉప్పు మడుల్లో పనిచేసి, కాళ్ళూ చేతులూ తెల్లగా పగిలిపోయి, ఇప్పుడు ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని రోజంతా గట్టు మీద ఉన్న మా పడవ నీడన కూర్చుంటాడు. నీళ్ళు చూస్తాడు. మాటలు తక్కువ. ఇంతకంటే అనుమానించదగ్గ మనిషి ప్రపంచంలో ఉంటాడా? ఆదివారం ఆయన చర్చికి వెళ్ళాడనీ, పడవ దగ్గరే లేడనీ అత్త గుర్తుచేసింది.

"అదే అత్తా, అక్కడే ఉన్నాది కిటుకు," అన్నాను. "ఆదివారం చర్చికెల్తాడని అందరికీ తెలుసును. అందుకే శనివారమే పని కానిచ్చీసి, ఆదివారం ప్రార్థన సేసుకోడానికి ఎల్లిపోనాడు."

అత్త నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని నిర్ధారించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రెండో షీటు తెచ్చాను. మళ్ళీ కోత, మళ్ళీ బెజ్జాలు, మళ్ళీ మోకాలు. ఈసారి ఇంకా గట్టిగా బిగించాను, ఎవడూ కదపలేకుండా. తుడవడంలో కూడా కొత్త పద్ధతి పెట్టాను. రోజూ సాయంత్రం పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచేస్తే, తెల్లారాక కనిపించే వేలిముద్ర ఏదైనా నేరస్థుడిదే అవుతుంది కదా! ఈ ఉపాయం నాకు తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండ్రోజులు పొద్దున్నే మావ భూతద్దం పట్టుకుని అద్దాన్ని అంగుళం అంగుళం వెతికాను. వేలిముద్రలు లేవు. పగుళ్ళు మాత్రం వచ్చాయి. వేలిముద్ర పడకుండా పగలగొడుతున్నాడంటే వాడు ఆరితేరిన దొంగన్నమాట. నా పట్టుదల పెరిగింది. చేతిలో ఉన్న రోజులు తరిగాయి. బావ తన సెలవు అయిపోవస్తోందనీ, నా బట్టలు సర్దుకోమనీ అక్క చేత చెప్పించాడు.

అప్పుడు మాటు వేశాను. మధ్యాహ్నం భోజనాల వేళ, గట్టు మీద ఎవరూ ఉండరు కాబట్టి, ఏదైనా జరిగితే అప్పుడే జరగాలి. పడవకు కాస్త దూరంలో ఆరబెట్టిన వలల కుప్ప ఉంది. దాని వెనక బోర్లా పడుకుని, ఎండుచేపల వాసనకు ముక్కు మూసుకుని, కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్నాను. ఉప్పు తాత కుర్చీలోంచి లేచాడు. అటూ ఇటూ చూశాడు. (అటూ ఇటూ చూశాడు!) మెల్లగా పడవ ముందుకు వెళ్ళి, తన తెల్లటి పగిలిన అరచెయ్యి తీసి అద్దం మీద ఆనించి, మొహం దగ్గరగా పెట్టాడు. నేను వలలన్నీ ఒంటికి చుట్టుకుని మరీ లేచాను.

"ఏటి సేస్తన్నావు తాతా?"

ఆయన ఉలిక్కిపడలేదు. "సూస్తన్నానురా," అన్నాడు.

"ఏటి సూస్తన్నావు?"

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. "ఏటీ లేదులే."

ఆ మింగిన మాట నా కంటికి నేరాంగీకారంలా కనిపించింది. నా గొంతు పెరిగింది. అత్త, బావ, మావ, పక్కింటివాళ్ళు కూడా చేతులు కడుక్కోకుండా వచ్చేశారు. నేను లాయరులా చెయ్యి చాపి అందరికీ చూపించాను. "సూడండి. ఈ సెయ్యి తగిలిన సోటల్లా పగులుతన్నాది. ఉప్పు మింగిన సెయ్యి ఇది. నీకేటి తాతా మా మీద కక్ష? పడవ కదిలితే నీ నీడ పోతాదనా?" అన్నాను. ఆ ఆఖరి ముక్క అప్పటికప్పుడు తట్టింది. తట్టగానే నాకే నిజమనిపించింది. పడవ నీళ్ళలోకి పోతే ముసలాయనకు రోజూ కూర్చునే నీడ ఉండదు కదా. జనం 'ఓహో' అన్నట్టు తలలూపారు. మావ మాత్రం, "ఏటి తాతా, నిజమేనా?" అని మెల్లగా అడిగాడు. తాత నన్నొకసారి, మావనొకసారి చూశాడు. "కాదని సెప్తే నమ్ముతారేటి?" అన్నాడు. కుర్చీ మడవడం కుదరదు, అది విరిగినది. దాన్ని నెత్తిన బోర్లించుకుని గట్టు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మూడో షీటు కోసం శ్రీకాకుళం వెళ్ళాను. బోర్డులాయన నన్ను చూడగానే, "తమ్ముడూ, ఈ నెల్లో మూడోసారి. మాకు పోటీగా షాపేటైనా పెడతన్నావేటి?" అన్నాడు. నేను బెంచీ మీద కూర్చుని నా కేసంతా ఆయనకు వివరించాను. అత్త, బావ, ముసలాయన, వేలిముద్రలు పడకుండా జరుగుతున్న కుట్ర. ఆయన చాలా ఓపిగ్గా విన్నాడు. మొత్తం విని ఒక్క ప్రశ్న వేశాడు.

"దేన్తో తుడుస్తన్నావు?"

"పెట్రోలుతో."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మాట్లాడకుండా ఒక షీటు ముక్క తీసుకుని, రెండు మేకుల మధ్య కాస్త వంచి ఇరికించాడు. బయట తన స్కూటీలోంచి కాసిని చుక్కలు గుడ్డకు పట్టి, ఆ ముక్క మీద రాశాడు. రెండు టీలు చెప్పాడు. టీ ఇంకా సగం ఉండగానే 'చిట్' అని సన్నగా వినిపించింది. ముక్క నిండా వెంట్రుకల్లాంటి గీతలు. నా పడవ మీద ఉన్న గీతలే. "వంచి బిగించిన షీటుకి పెట్రోలు తగల్నిచ్చినావంటే ఇంతే తమ్ముడూ. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. బెజ్జం స్క్రూ కన్నా కాస్త పెద్దది వెయ్యి, ఎండకి షీటు సాగుతాది. బిగించేక అర చుట్టు ఎనక్కి తిప్పు," అన్నాడు. "ఇంతకీ ఆ ముసిలాయన్నేటి సేసినారు?" అని అడిగాడు. నాకు వినపడనట్టు నటించాను. తిరుగు బస్సులో దొర వీడియో సౌండు పెట్టుకుని చూశాను. ఆయన వేలు ఆడించింది పనివాడి మీద కాదు. ఎర్ర డబ్బా మీద. అందులో ఉన్నది పెట్రోలు.

మూడో షీటు చెప్పినట్టే బిగించాను. సబ్బునీళ్ళతో కడిగాను. ఒక రోజు గడిచింది, రెండ్రోజులు గడిచాయి, వారం గడిచింది. గీత లేదు. ఇప్పుడు నేను సంతోషించాలి కదా. కానీ ఊరు నా పద్ధతిలోనే ఆలోచించడం మొదలుపెట్టింది. "సూసినావేటి, ముసిలోడు రాడం మానీసినాడు, అద్దం కుదురుగా ఉన్నాది," అంది అత్త. జ్వరం ఉందేమోనని నన్ను చూసిన అత్తే! అద్దం ఎంత బాగా నిలిస్తే తాత మీద నేరం అంత గట్టిపడుతోంది. టీ బడ్డీ దగ్గర అందరికీ గాజు గ్లాసుల్లో టీ పోసి, తాతకు మాత్రం స్టీలు గ్లాసు ఇచ్చాడు బడ్డీవాడు. "నీ సేతిలో గాజు నిలవదు కదేటి తాతా," అని నవ్వాడు. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. తాత స్టీలు గ్లాసు తీసుకుని, తువ్వాలు చుట్టి పట్టుకుని, పక్కకు తిరిగి తాగాడు. నేను నా టీ సగంలో వదిలేసి వచ్చేశాను. నిజం చెబితే మావ నన్ను బండెక్కిస్తాడు. రెండు షీట్లు నా చేత్తో పాడుచేసి, ఒక పెద్దమనిషిని పదిమందిలో దొంగని చేశానని తెలిస్తే పడవ ఇస్తాడా? చెప్పకపోతే పడవ నాది, ఏరు నాది, కానీ ఆ స్టీలు గ్లాసు కూడా నాదే. వారం రోజులు నేను అన్నం సరిగ్గా తిన్నది లేదు. ఎప్పుడూ మంది నోట మాట లాగాలని చూసినవాణ్ణి, నా నోట మాట నేనే లాగలేకపోయాను.

ఆఫీసరు వచ్చాడు. అద్దం మీద వేలితో కొట్టి చూశాడు, లోపల కూర్చుని చూశాడు, స్క్రూలు చూశాడు. "విశాఖపట్నం పనా?" అన్నాడు. మావ మొహం వెలిగిపోయింది. "లేదు బాబూ, మా మేనల్లుడు సేసినాడు. ఇంతకుముందే అయిపోయేది. ఒక ముసిలాయన పని కట్టుకుని పాడుసేసీవాడు. ఆయన్ని తరిమేసేక..."

"మావా, తాత కాదు," అన్నాను. "నానే. పెట్రోలుతో తుడిసినాను. రెండుసార్లూ నానే. తాతకేటీ తెలీదు."

ఆఫీసరు మొదట అర్థంకానట్టు చూసి, తర్వాత విషయమంతా అడిగి తెలుసుకుని, భూతద్దం దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక నవ్వి, కళ్ళు తుడుచుకుంటూనే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన కారు మలుపు తిరిగాక అత్త మొదలుపెట్టింది. నా పుట్టుక దగ్గర్నుంచి ఐటీఐ దాకా ఏ ఒక్కటీ వదల్లేదు. మావ మాత్రం తిట్టలేదు. తిడితే బాగుండేది. "రేపు పొద్దున బావతో ఎల్లు," అన్నాడు, అంతే.

ఆ సాయంత్రమే తాత ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఆ విరిగిన కుర్చీలోనే ఉన్నాడు. కింద కూర్చుని, జరిగిందంతా చెప్పి, "తప్పయిపోయింది తాతా, నీ మీద అనుమానపడ్డాను," అన్నాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. నిదానంగా తల ఊపాడు.

"నాను నీ మీద అనుమానపడ్డానురా," అన్నాడు. "నువ్వు పెట్రోలెట్టి తోమిన తరవాతే పగుల్తాది. రెండుసార్లు సూసినాను. ఈడికి గరివిడి ఎల్లిపోవాలని ఉన్నాది కాబోలు, మావకి సెప్పనేక కావాలనే పాడుసేస్తన్నాడు అనుకున్నాను."

"మరి ఆ రోజు అందరి ముందరా ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే మీ మావ నిన్ను ఊరుకుంటాడేటి? సిన్న గుంటడివి. ఎల్లాలనున్నోడు ఎల్లిపోతాడు, నాకెందుకులే అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం అనుమానపడ్డాం. నా అనుమానం నేను ఊరంతా పిలిచి చెప్పాను. ఆయన అనుమానం ఆయన నా కోసం మింగి, కుర్చీ నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. పైగా ఆయన పట్టుకున్నది అసలు దొంగనే.

మర్నాడు పొద్దున్న బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను. బావ టిఫిను తింటూ నన్ను చూసి, "మావా, ఒద్దు. ఈణ్ణి నాతో పంపకు," అన్నాడు. ఎందుకని మావ అడిగాడు. "ఈడక్కడికొస్తే రాత్రికి రాత్రి కొలిమి కూడా పెట్రోలెట్టి తుడిసేస్తాడు. నాకు పిల్లలున్నారు," అన్నాడు. అత్త నోట్లో ఉన్న టీ బయటికొచ్చేలా నవ్వింది. మావ చాలాసేపు నవ్వకుండా ఉండాలని చూశాడు. చివరికి, "ముందెల్లి ముసిలాయన్ని తీసుకురా. ఆయన ఎక్కితేనే పడవ కదుల్తాది, నువ్వూ ఎక్కుతావు," అన్నాడు. మొదటి నిందితుడు నన్ను విడిపించాడు. బావ మీద ఉన్న అనుమానం ఆ రోజుతో కొట్టేశాను.

తాత వచ్చాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వరసలో, అద్దం పక్కన, నేరుగా ఏరు కనిపించే చోట కూర్చోమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఆఖరి వరసకు పోయి కూర్చున్నాడు. ఇంజను మొదలుపెట్టి వెనక్కి చూశాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి, పగిలిన అరచేతులు నాకు చూపించాడు. "ఇదిగో ఇనస్పెక్టరూ, ఇక్కడున్నాయి. సూసుకో," అన్నాడు. పడవంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ మా పడవ ఎక్కేవాడు. ప్రతిసారీ వెనక వరసే, ప్రతిసారీ చేతులెత్తడమే. ముందుకు రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా రాలేదు. ఆయనకు అది తమాషా, కోపమేమీ లేదని నాకు తెలుసు. ఎక్కినవాళ్ళు ఎందుకని అడిగితే కథంతా నేనే చెప్పేవాణ్ణి. వాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు, నేనూ అప్పటి ఆ ఇనస్పెక్టరు కుర్రాణ్ణి తలుచుకుని వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు చలికాలం మళ్ళీ వచ్చింది, జనం ఎక్కుతున్నారు. ఇంజను మొదలుపెట్టేముందు అలవాటుగా ఒకసారి వెనక్కి చూస్తాను. ఎవరూ చేతులెత్తరు. కాసేపు ఆగి, పడవ కదిలిస్తాను.